దాగుచోటిలో రొట్టె

ఒక ప్రశ్నతో ఆరంభించెదను. ఎనిమిదిమంది ఒకే అలమారులోని రొట్టెను పంచుకొని తినుచున్నారు. వారిలో ముగ్గురు ఎదుగుచున్న పిల్లలు. ఉన్న రొట్టె ఎవరికిని చాలదు. ఒక రాత్రి అందరును నిద్రించుచుండగా పెద్దవాడొకడు చప్పుడు కాకుండ మేడమీదనుండి దిగివచ్చి, ఆ అలమారు తెరచి, అందరి వంతులోనిది ఒక రొట్టె ముక్క తీసికొని పోవుచున్నాడు. ఆ మనుష్యుని మీరేమందురు?

దొంగ అందురు. ఆ మాట తప్పని నేననను. అయితే ఆ మాట పలికినంతనే విషయము ముగిసినదా అని అడుగుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఈ మనుష్యుడు ఒక నాటకములోనివాడు. నాటకము పేరు ‘ఆన్నె ఫ్రాంక్ డైరీ’. ఫ్రాన్సెస్ గుడ్‌రిచ్, ఆల్బర్ట్ హాకెట్ అను అమెరికా దేశపు దంపతులు దానిని రచించిరి. 1955 అక్టోబరు 5న న్యూయార్క్ పట్టణములో అది మొదట ప్రదర్శింపబడెను. మరుసటి సంవత్సరము దానికి పులిట్జర్ బహుమానము వచ్చెను. అటుతరువాత అనేక దేశములలో, అనేక భాషలలో ఆడబడినది. నేటికిని పాఠశాలల పిల్లలు దానిని ఆడుచున్నారు. పెద్ద యుద్ధములు, సైన్యములు, రాజులు అందులో కనబడరు. తెర లేచినది మొదలు పడువరకు ఒకే ఇల్లు, కొన్ని గదులు, ఎనిమిదిమంది మనుష్యులు, వారికి అన్నపానములు తెచ్చి యిచ్చు ఇద్దరు. అంతే.

కథ వట్టి కల్పన కాదు. ఓట్టో ఫ్రాంక్ అను యూదుడు జర్మనీ దేశమునందలి ఫ్రాంక్‌ఫర్ట్ పట్టణస్థుడు. 1933లో హిట్లరు అధికారములోనికి రాగానే ఆయన భార్యాబిడ్డలతో హాలండు దేశమునకు వలస పోయి, ఆమ్‌స్టర్‌డామ్ పట్టణములో వర్తకము పెట్టుకొనెను. పండ్లపాకము గడ్డకట్టుటకు వాడు పదార్థమును, మాంసములో కలుపు మసాలా దినుసులను ఆ సంస్థ అమ్ముచుండెను. 1940 మే నెలలో జర్మను సైన్యములు హాలండును ఆక్రమించుకొనెను. అప్పుడా దేశములో యూదులు దాదాపు 1,40,000 మంది. యుద్ధము ముగియునప్పటికి వారిలో 1,00,000కు పైగా చంపబడిరి. 1942 జూలై 5న ఓట్టో పెద్ద కుమార్తె మార్గాట్‌కు జర్మనీలో పనికి రమ్మని ప్రభుత్వపు ఆజ్ఞ వచ్చెను. ఆ పని ఎటువంటిదో తండ్రికి సందేహము కలిగెను. మరునాడే ఆ కుటుంబము తమ వర్తకశాల వెనుకభాగమందలి గదులలో దాగెను. కొలది దినములకు ఆయన తోటి వర్తకుడు హెర్మన్ ఫాన్ పెల్స్, భార్య ఔగుస్తె, కుమారుడు పీటర్ వచ్చి చేరిరి. నవంబరులో ఫ్రిట్స్ ఫెఫర్ అను దంతవైద్యుడు వచ్చెను. ఫ్రాంకు దంపతుల చిన్న కుమార్తె ఆన్నె అప్పటికి 13 ఏండ్ల బాలిక. ఆమె తన డైరీలో ఇతరులకు మారుపేర్లు పెట్టెను. ఫాన్ పెల్స్ కుటుంబము ‘వాన్ డాన్’ వారైరి. దంతవైద్యుడు ‘డస్సెల్’ ఆయెను. నాటకకర్తలు ఆ మారుపేర్లనే వాడిరి. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనుడి. తరువాత దీనితో పనియున్నది.

వారు ఎట్లు బ్రదికిరో ఊహించుట కష్టము. ఆ గదులకు పోవు తలుపునకు అడ్డముగా పుస్తకముల బీరువా ఒకటి నిలుపబడెను. అది తలుపువలెనే తిరుగును. పగలు క్రింది గిడ్డంగిలో పనివారుందురు. వారికి పైన మనుష్యులున్నట్లు తెలియరాదు. గనుక పగటివేళ బూట్లు వేసికొని నడువరాదు, గట్టిగా మాటలాడరాదు, మరుగుదొడ్డిలో నీళ్లు వదలరాదు. దగ్గు వచ్చినను భయమే. ఇట్లు రెండు సంవత్సరముల ఒక నెల! మన పల్లెలో ఒక ఇంట రెండు కుటుంబములు వానకాలము నాలుగు నెలలు కలిసియుండిన యెడల పొయ్యిదగ్గర ఎన్ని మాటలు పుట్టునో మీకు తెలియును. అక్కడ వాకిలి లేదు, వీధి లేదు, కోపము వచ్చినప్పుడు లేచి పొలమునకు పోవుటకు దారి లేదు.

ఆ వర్తకశాలలోని ఉద్యోగస్థులే వారికి ఆహారము తెచ్చిరి. మీప్ గీస్ అను స్త్రీ వారిలో ఒకతె. అప్పుడు సమస్తమును రేషను చీట్లమీదనే దొరకును. దాగియున్నవారికి చీట్లు లేవు. వాటిని రహస్యముగా సంపాదించి, సైకిలుమీద దుకాణములు తిరిగి, ఎనిమిదిమందికి సరిపడు కూరలు కొనునప్పుడు ఎవరికిని అనుమానము రాకుండ చూచుకొనవలెను. పట్టుబడిన యెడల చెర. ఆ సహాయకులు అధికారులతో పలికిన అబద్ధములు పాపమా కాదా అని కొందరు వాదింతురు. నిర్గమకాండము మొదటి అధ్యాయములోని మంత్రసానుల సంగతి ఎరిగినవారికి ఆ వాదముతో ఎక్కువ పని యుండదని నా తలంపు. అహాబు దినములలో ఓబద్యా గుహలలో దాచినవారికి రొట్టెయు నీళ్లును మోసినట్లే వీరును మోసిరి. 1944 మే నెలలో వారికి కూరగాయలిచ్చుచుండిన వర్తకుడు తన ఇంట ఇద్దరు యూదులను దాచినందుకు పట్టుబడెను. ఆ దినమునుండి పైగదిలో తిండి ఇంకను తగ్గెను. ఒకని పట్టుకొనిన యెడల వేరొక యింట పదిమంది ఆకలిగొందురు. ఆ కాలపు రొట్టె అట్టిది.

ఇప్పుడు నాటకమునకు వత్తము. మొదటి అంకము చివర ఒక పండుగ రాత్రి వచ్చును. అది యూదుల హనుక్కా పండుగ. యోహాను సువార్త పదియవ అధ్యాయములో ఆలయప్రతిష్ఠిత పండుగ అని మీరు చదివినది ఇదే. దీపములు వెలిగించి ప్రార్థన చేసిన తరువాత ఆన్నె ఒక సంచి తెచ్చి అందరికిని కానుకలు పంచును. బజారునకు పోలేని బాలిక కానుకలెక్కడ తెచ్చెను? అక్కకు ఒక పాత పదప్రహేళికల పుస్తకము. అంతకుముందే నింపిన అక్షరములన్నిటిని రబ్బరుతో చెరిపి మరల క్రొత్తది చేసినది. ఒకరికి అరిగిపోయిన సబ్బు ముక్కలను కరగించి చేసిన తలంటు నీళ్లు. వాన్ డాన్‌కు, తండ్రి పాతకోటు జేబులో దొరికిన పొగాకుతో చుట్టిన సిగరెట్లు. తల్లికి మాత్రము ఒక కాగితము. ఇన్ని గంటలు మారుమాటాడక విధేయురాలనై యుందునని దానిమీద వ్రాసియిచ్చినది! తల్లులారా, మీ కుమార్తెలలో ఎవరైన ఇట్టి కాగితము వ్రాసియిచ్చిన యెడల మీరెంత సంతోషింతురో, ఎంత నవ్వుకొందురో నేనెరుగుదును.

నాకు ఈ ఘట్టము బహు ఇష్టము. ఏమియు లేనిచోట ఎట్లు ఇయ్యవచ్చునో ఇక్కడ కనబడుచున్నది. రెండవ అంకములో అదే బల్ల ఎదుట, అదే మనుష్యుల మధ్య, దీనికి సరిగా ఎదురుగా నిలుచు రాత్రి వచ్చును.

వాన్ డాన్ మొదటినుండి రొట్టె లెక్కించువాడే. దంతవైద్యుని లోనికి తీసికొందుమా అను మాట వచ్చినప్పుడు, ఉన్న తిండి ఇంకొకనికి ఎట్లు చాలునని అతడే సణుగును. అతని కుమారుడు సిగ్గుతో ముఖము త్రిప్పుకొనును. ఓట్టో మాత్రము లెక్క వేయకయే రమ్మనును. ఏడాదిన్నర గడచును. అందరును చిక్కిపోయిరి. అలమారులో రొట్టె తరిగిపోవుచున్నది. ఎలుకలు తినుచున్నవని అనుకొనిరి. ఒక రాత్రి ఎడిత్ ఫ్రాంక్ మేలుకొని చూచును. అలమారు దగ్గర వాన్ డాన్, చేతిలో రొట్టె.

ఎడిత్ ఎవరు? ఆ ఇంట ఎన్నడును గొంతెత్తనిది ఆమెయే. తన నోటి ముద్ద ఇతరులకు పెట్టినది. కుమార్తె ఎన్ని కఠినమైన మాటలన్నను సహించినది. ఆమె ఇప్పుడు ఇల్లంతయు లేచునట్లు కేకవేయును. ఈ మనుష్యుడు ఇక ఇక్కడ ఉండరాదు, పోవలసినదే అనును. పిల్లలు ఆకలితో ఏడ్చుట తాను విన్నది. అదంతయు ఒక్కసారి పైకి వచ్చును. వాన్ డాన్ భార్య తన భర్త ఆకలికి తాళలేని దేహమువాడని వేడుకొనును. ఓట్టో ఎన్ని విధముల చెప్పినను ఎడిత్ వినదు. వెలుపలికి పొమ్మనుట అనగా ఆ దినములలో ఏమి? వీధిలో మొదటి పోలీసువాని చేతికి అప్పగించుటయే. ఆమెకును అది తెలియును. వారికి వేరొక చోటు దొరకువరకు ఉండవచ్చునని కొంత తగ్గును గాని మాట మార్చుకొనదు.

ఈలోగా దంతవైద్యుడు ఏమి చేయుచున్నాడనుకొంటిరి? సంచిలోని బంగాళాదుంపలు బల్లమీద పోసి వంతులు వేయుచున్నాడు. ఇది వీరికి, ఇది వారికి, ఇది నాకు. చిన్నది ఒకటి, పెద్దది ఒకటి. నాటకమంతటిలో నన్ను మిక్కిలి భయపెట్టునది ఈ వంతులే. దొంగతనము ఒకని ఆకలి చేసిన పని. ఈ లెక్క న్యాయము పేరిట జరుగుచున్నది. ఓట్టో కూలబడి, మనలను పాడుచేయుటకు శత్రువులు వేరుగా రానక్కరలేదను భావముతో మాటలాడును.

చదువరీ, ఇక్కడ ఆగి ఆలోచింపుడి. దొంగిలించినవాడు తప్పు చేసెను. అతని దేహము పెద్దది, ఆకలి పెద్దది అనుట సమాధానము కాదు. పిల్లల ఆకలి చిన్నదా? మన సంఘములలో కరవు కాలమున పంచిన ధాన్యములో చేయిపెట్టినవానిని ఎవరును క్షమింపరు, క్షమించుట తేలికయని నేను చెప్పను. సామెతల గ్రంథకర్త ఆకలిచేత దొంగిలువానిని గూర్చి రెండు సంగతులు పలికెను: వాడు తృణీకరింపబడడు, అయినను పట్టుబడిన యెడల ఏడంతలు చెల్లింపవలెను. ఆ రెండును కలిపి పట్టుకొనుట ఎంత కష్టము! కొందరు మొదటిది పట్టుకొని ‘పాపము, ఆకలి’ అని విడిచిపెట్టుదురు. కొందరు రెండవది పట్టుకొని ఇంటినుండి గెంటివేయుదురు. వాన్ డాన్ తినిన రొట్టెకు అతడు చెల్లింపవలసినదే. కాని ఒక రొట్టె ముక్కకు వెల ఒక ప్రాణమా? అతడు రెండేండ్లు వారితో కూడ భయపడినవాడు, వారితో కూడ నవ్వినవాడు, ఆన్నె చుట్టి యిచ్చిన సిగరెట్టు సంతోషముగా పుచ్చుకొనినవాడు. ఆ ఒక్క రాత్రితో అదంతయు లేకుండ పోయెనా?

నాటకకర్తలు ఆ చిక్కును మెల్లగా విప్పలేదు. ఆ వేళకే గంట మ్రోగును, అందరును వణకుదురు. వచ్చినది మీప్. అమెరికా, బ్రిటను సైన్యములు ఫ్రాన్సు తీరమున దిగినవను వార్త తెచ్చును. అది 1944 జూన్ 6వ తేది. అందరును కౌగిలించుకొని ఏడ్తురు, ఆడుదురు. వాన్ డాన్ మాత్రము సిగ్గుతో తలవంచుకొని ఏడ్చును. సిగ్గుపడవలసిన పనులు చేయనివారు తమలో ఎవరును లేరన్నట్లు ఆన్నె అతని ఓదార్చును. ఎడిత్ తానాడిన మాటలకు నొచ్చుకొనును.

ఇది చూచి జనులు కన్నీరు విడుతురు. నాకును మనస్సు కరగును. అయినను ఒక సందేహము వదలదు. ఆ వార్త ఆ ఉదయము రాకపోయిన యెడల? కడుపు నిండు దినము దగ్గరపడినదని తెలిసిన తరువాత చేసిన క్షమాపణ ఎంతటిది? పంట ఇంటికి వచ్చిన సంవత్సరము అన్నదమ్ములు గట్టు తగాదా మరచిపోవుట మనము చూచియున్నాము. పంట పోయిన సంవత్సరము మరచిపోయినవారు ఎందరు? నాటకము ఈ ప్రశ్నను లేపి దాటిపోవుచున్నది. దానిని తప్పుపట్టను, నాటకము రెండు గంటలలో ముగియవలెను గదా.

అయితే ఇంతకంటె పెద్ద సంగతి ఒకటి యున్నది. ఆ రొట్టె దొంగతనము జరుగనేలేదు.

ఆన్నె డైరీ అంతయు వెదకినను అట్టి రాత్రి అందులో లేదు. ఆమె మెత్తగా వ్రాయు పిల్ల కాదు. ఎవరు పెద్ద వంతు తీసికొనిరో, ఎవరు తమ సొంతము దాచుకొనిరో, ఎవరు భోజనపు బల్లయొద్ద ఎట్లు కూర్చుందురో అన్నియు సూదితో గ్రుచ్చినట్లు వ్రాసినది. ఫాన్ పెల్స్ దంపతుల కలహములు, ఔగుస్తె బొచ్చుకోటు అమ్మవలసి వచ్చినప్పటి రగడ, అన్నియు ఉన్నవి. అట్టిది, రాత్రివేళ పిల్లల రొట్టె దొంగిలించిన యెడల ఆమె వ్రాయక విడుచునా? ఆ ఘట్టమును నాటకకర్తలు తామే కల్పించిరి.

మరి నిజమైన హెర్మన్ ఫాన్ పెల్స్ ఎవరు? మాంసపు మసాలాలలో ఆరితేరినవాడు. పలురకముల మాంసములకు ఏ దినుసు ఎంత కలుపవలెనో ముక్కుతోనే చెప్పగలవాడు. దాగుటకు ముందు ఆయన మీప్‌ను వెంటబెట్టుకొని తన స్నేహితుడైన ఒక మాంసపు వర్తకుని దుకాణమునకు పోవుచుండెను. ఎందుకో ఆమెకు అప్పుడు తెలియలేదు. ఆ వర్తకుడు ఆమె ముఖము గురుతుపట్టుటకే అట్లు చేసెనని తరువాత గ్రహించెను. వారు దాగిన పిమ్మట ఆమె చీటీ పట్టుకొని పోగా అతడు మారుమాట లేక మాంసమిచ్చెను. ఒక శీతకాలమున ఆ దాగుచోటిలోనే ఫాన్ పెల్స్ నడుమునకు గుడ్డ చుట్టుకొని, దొరికిన మాంసముతో అందరికి నిలువయుండునట్లు సాసేజులు చేసెను. ఆ దినపు వేడుకను ఆన్నె వ్రాసియున్నది. చూచితిరా? పిల్లల రొట్టె దొంగిలించినవాడని లోకమంతట లక్షలమంది ఎదుట చూపబడిన మనుష్యుడు, ఆ పిల్లల నోటికి మాంసము అందునట్లు ముందుగా దారి వేసియుంచినవాడు.

దంతవైద్యుని సంగతియు అట్టిదే. నాటకములో అతనికి హనుక్కా పండుగ అనగా ఏమో తెలియదు. నిజముగా ఫ్రిట్స్ ఫెఫర్ తన పితరుల మతమందు భక్తిగలవాడు, హెబ్రీ భాష ఎరిగినవాడు. ప్రేక్షకులకు పండుగ అర్థము వివరించుటకు తెలియనివాడొకడు కావలసి వచ్చెను. చనిపోయిన భక్తుని ఆ పనికి వాడుకొనిరి. ఆయన ప్రేమించిన స్త్రీ అప్పటికి బ్రదికియుండెను. ఆమె మిగుల నొచ్చుకొని నాటకకర్తలకు తన బాధ తెలిపెను. నాటకము మారలేదు.

‘ఇందులో తప్పేమి? పేర్లు మార్చియున్నవి గదా’ అని మీరనవచ్చును. మార్చిన పేరు వెనుక మనుష్యుడు ఎవరో అందరికిని తెలిసినప్పుడు ఆ మార్పు పలుచని తెర మాత్రమే. నాటకకర్తల ఉద్దేశము చెడ్డది కాదు. ఆకలియు భయమును మంచివారిని ఏమి చేయునో చూపవలెనని తలంచిరి. అట్టి దినములలో అట్టి దొంగతనములు ఎన్నో చోట్ల జరిగియుండును. కాని జరిగియుండునదానిని ఒకని తలమీద పెట్టుట వేరు. తొమ్మిదవ ఆజ్ఞ పొరుగువానిమీద అబద్ధసాక్ష్యము పలుకుటను నిషేధించుచున్నది. పొరుగువాడు చనిపోయిన తరువాత ఆ ఆజ్ఞ కొట్టివేయబడునని ఎక్కడను లేదు. హెర్మన్, ఔగుస్తె, పీటర్ ముగ్గురును చంపబడిరి. ‘మా తండ్రి అట్టివాడు కాడు’ అని లేచి చెప్పుటకు ఒక్క బిడ్డయు మిగులలేదు. నోరులేనివానిమీద నేరము మోపుట ఎంత సులభము!

మనమును ఇందులో నిర్దోషులము కాము. ప్రతి సంవత్సరము క్రిస్మసు రాత్రి మన మందిరములలో యౌవనులు ఆడు నాటకము జ్ఞాపకము చేసికొనుడి. తలపాగా, పెద్ద మీసములు పెట్టుకొని ‘చోటు లేదు, పొండి’ అని గర్భవతియైన మరియను కసరికొట్టు సత్రపు యజమానుడు లేని నాటకము కలదా? పిల్లలు అతని చూచి నవ్వుదురు, ముసలమ్మలు తిట్టుదురు. లూకా సువార్త తెరచి చూడుడి. సత్రములో వారికి స్థలము లేకపోయెనని యున్నది. యజమానుడు కసరెనని లేదు, యజమానుడే లేడు. మనకు ఒక కఠినాత్ముడు కావలసి వచ్చెను గనుక చేసికొంటిమి. ఆ సత్రము ఎవరిదో ఎవరికిని తెలియదు గనుక ఆ కల్పనవలన ఎవరి పేరును చెడలేదు. కాని అలవాటు అదే. దుఃఖకరమైన కథ వినునప్పుడు ‘ఎవడు చేసెను?’ అని మనస్సు తొందరపడును. పేరు దొరకువరకు దానికి నిద్రపట్టదు.

ఆ కుటుంబమును పట్టియిచ్చినది ఎవరు అను విషయములోను ఇదే జరిగినది. 1944 ఆగస్టు 4న పోలీసులు వచ్చి ఎనిమిదిమందిని పట్టుకొనిపోయిరి. నాటకము, క్రింది గిడ్డంగిలో దొంగతనమునకు వచ్చినవాడు పైన అలికిడి విని చెప్పియుండునని సూచించుచున్నది. నిజజీవితములో గిడ్డంగి పనివాడొకనిమీద అనుమానము పడెను. 1948లో విచారించిరి, 1963లో మరల విచారణ మొదలుపెట్టిరి. రెండుమార్లును ఋజువు కాలేదు. అయినను అతడు ఆ అనుమానము క్రిందనే జీవించి చనిపోయెను. 2022లో ఒక పుస్తకము, చనిపోయి బహుకాలమైన వేరొక యూదుని పేరు బయటపెట్టెను. హాలండు చరిత్రకారులు ఆ ఆధారములు నిలువవని చూపగా, ఆ దేశపు ప్రచురణకర్తలు క్షమాపణ చెప్పి పుస్తకమును అమ్మకమునుండి తీసివేసిరి. పోలీసులు అసలు రేషను చీట్ల నేరము వెదకుచు వచ్చి, యాదృచ్ఛికముగా వారిని కనుగొనియుండవచ్చునని 2016లో ఆన్నె ఫ్రాంక్ గృహపు పరిశోధకులు తెలిపిరి. ఇన్నేండ్లలో ఎందరి పేర్లు బజారున పడెను! ఆ దినమున ఆ ఎనిమిదిమందిని వెదకి చంపుటకు చట్టము చేసినవారు, రైళ్లు నడిపినవారు, పట్టీలు వ్రాసినవారు వేలమంది యుండగా, మనము మాత్రము చెవిలో చెప్పిన ఒక్కని కొరకే వెదకుచుంటిమి.

నాటకమును చదువవద్దని నేను చెప్పుటలేదు. అది మంచిపని కూడ చేసినది. 1956 అక్టోబరు 1న జర్మనీ దేశమున అనేక పట్టణములలో అది ఒకేసారి ప్రదర్శింపబడగా, తెర పడిన తరువాత జనులు చప్పట్లు కొట్టక, మాటలాడక, మౌనముగా లేచిపోయిరి. పదకొండేండ్లు తమలో తాము కూడ చెప్పుకొనని సంగతి వారి ఎదుటికి వచ్చెను. మరుసటి వసంతమున దాదాపు 2,000 మంది జర్మను యౌవనులు ఆన్నె చనిపోయిన బెర్గెన్-బెల్సెన్ శిబిరస్థలమునకు వెళ్లి పువ్వులుంచిరి. మనుష్యుల మంచితనమును గూర్చి ఆన్నె వ్రాసిన ప్రసిద్ధ వాక్యమును నాటకము చివర వినిపింతురు. దానిని గూర్చి చాలమంది ప్రసంగించిరి గనుక నేను విడిచిపెట్టుచున్నాను. ఆమె దానిని వ్రాసినది పట్టుబడుటకు మూడు వారముల ముందు, అదే పుటలో రాబోవు నాశనమును గూర్చియు వ్రాసినది అని మాత్రము గుర్తుంచుకొనుడి.

నాటకములో దాగుచోటి కథ తలుపు తట్టిన శబ్దముతో ఆగుచున్నది. రొట్టె కథ అక్కడ ఆగలేదు. 1944 సెప్టెంబరు 3న ఆ ఎనిమిదిమందిని ఆష్విట్జ్ శిబిరమునకు పోవు రైలులో ఎక్కించిరి. అక్కడ స్త్రీలను, పురుషులను వేరుచేసిరి. ఎడిత్ తన వంతు రొట్టెను కుమార్తెల కొరకు దాచుచుండెనని ఆమెతో నుండి బ్రదికి వచ్చిన స్త్రీలు తరువాత చెప్పిరి. గజ్జి పట్టిన కుమార్తెలను వేరొక కొట్టులో మూసినప్పుడు, ఆమెయు ఇంకొక స్త్రీయు గోడక్రింద నేల త్రవ్వి, ఆ కన్నమునుండి రొట్టె లోపలికి త్రోసిరి. కుమార్తెలను బెర్గెన్-బెల్సెన్‌కు పంపివేసిన పిమ్మట ఆమె 1945 జనవరి 6న చనిపోయెను.

పురుషుల శిబిరములో హెర్మన్ ఫాన్ పెల్స్ ఎక్కువకాలము నిలువలేదు. చంపుటకు ఏర్పరచినవారి వరుసలో ఆయన నడచిపోవుట ఓట్టోయు పీటరును చూచిరి. రెండు గంటల తరువాత వారి బట్టలతో నిండిన బండి ఒకటి తిరిగివచ్చెను.

పీటరునకు అప్పటికి 18 ఏండ్లు నిండలేదు. శిబిరపు తపాలా కొట్టులో అతనికి పని దొరికెను. అచ్చట పనిచేయువారికి కొంచెము ఎక్కువ తిండి చేతికి చిక్కుచుండెను. దానిని అతడు ఓట్టో ఫ్రాంకునకు తెచ్చి యిచ్చుచుండెను. ప్రతిదినము తెచ్చెననియు, తనకు కుమారునివలె నుండెననియు ఓట్టో తరువాత సాక్ష్యమిచ్చెను. 1945 జనవరిలో జర్మనులు శిబిరమును ఖాళీ చేయునప్పుడు, వైద్యశాలలో దాగుమని ఓట్టో అతని బ్రతిమాలెను. పీటరు తాను నడువగలనని చెప్పి, మంచులో నడిపింపబడిన వేలమందితో కూడ వెళ్లెను. ఓట్టో వైద్యశాలలో మిగిలి, జనవరి 27న విడుదల పొందెను. పీటరు మే నెలలో మౌట్‌హౌసెన్ శిబిరమున, అమెరికా సైన్యము దానిని విడిపించిన దినములలోనే చనిపోయెను.